భీష్మ ప్రతిజ్ఞ ప్రింటు ఎక్కడైనా ఉందా అని అడిగినందుకు

లేదండీ. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్న అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. పురాణాలూ నవలలూ మూకీ సినిమాలుగా ఎలా మారాయన్న దాని మీద పీహెచ్‌డీ మొదలుపెట్టానన్నారు. 1921 నాటి భీష్మ ప్రతిజ్ఞ చూడొచ్చా, లేకపోతే ఆ కాలానివి ఏవి దొరుకుతాయి, అసలు ఇంత తక్కువ ఎందుకు మిగిలాయి అని అడిగారు. రఘుపతి వెంకయ్య నాయుడు గారూ ఆయన కొడుకు ప్రకాశ్ గారూ మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అని కంపెనీ పెట్టి తీసిన ఆ సినిమా ఒక్క అడుగు కూడా మిగల్లేదు. ఎవరైనా క్లిప్పు ఉందని చూపిస్తే అది ఇంకేదో సినిమాది అనుకోండి. అంతెందుకు, మాటలు వచ్చాక 1932లో విడుదలైన మన మొదటి టాకీ భక్త ప్రహ్లాద ప్రింటే లేదు, ఇక మూకీల సంగతి చెప్పేదేముంది.

నేను మద్రాసులో ఒక ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళు పనిచేశాను, ఎక్కువ కాలం నెగటివ్ సెక్షన్‌లో. తర్వాత పాత ప్రింట్లు స్కాన్ చేసేవాళ్ళకు సాయంగా వెళ్ళేవాణ్ణి: డబ్బా తెరిచి, లోపల ఉన్నది మెషీన్ ఎక్కించడానికి పనికొస్తుందో లేదో చెప్పడం నా పని. కాబట్టి నా జవాబు సినిమా చరిత్రకారుడి జవాబులా ఉండదు, డబ్బా మూత దగ్గర నిలబడ్డవాడి జవాబులా ఉంటుంది.

ఎందుకు మిగల్లేదంటే మొదటి కారణం ఫిల్మే. ఆ రోజుల్లో 35 ఎంఎం ఫిల్మ్ అంటే నైట్రేట్. పత్తి నుంచి తయారు చేసే నైట్రో సెల్యులోజ్, దాన్ని మెత్తగా వంగేలా చెయ్యడానికి కలిపే కర్పూరం. అవును, మన హారతి కర్పూరమే, మరి అంటుకోక ఏం చేస్తుంది! ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు, ఎందుకంటే మండటానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది. అమెరికాలో 1937లో న్యూజెర్సీలో ఫాక్స్ కంపెనీ వాల్టు, అంటే ఫిల్ములు దాచే గోడౌన్, ఒక్కటి తగలబడితే వాళ్ళ మూకీల్లో చాలా భాగం ఒక్క రాత్రిలో పోయాయి. మన దగ్గర పూణేలో 2003 జనవరిలో నైట్రేట్ వాల్టు కాలింది, అప్పటికే సేఫ్టీ ఫిల్మ్ (నైట్రేట్‌లా భగ్గున అంటుకోని ఫిల్మ్) మీదికి కాపీ దిగినవి బతికాయి. అంటుకోకపోయినా అది ఊరుకోదు. ముందు బొమ్మ వెలిసిపోతుంది, తర్వాత చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పైన తేనె లాంటి బంక ఊరుతుంది, ఆ తర్వాత మొత్తం రీలు ఒకే గట్టి దిమ్మ అవుతుంది, చివరికి ఇటుక రంగు పొడి. మన కోస్తా ఉక్కపోతలో, రేకుల షెడ్డులో ఇదంతా ఎంత త్వరగా జరుగుతుందో వేరే చెప్పాలా.

కానీ నిజం చెప్పాలంటే కుళ్ళిపోయినవాటి కంటే మనం కడిగేసినవే ఎక్కువ ఉంటాయని నా అనుమానం. నలుపు తెలుపు ఫిల్మ్ మీద బొమ్మ అంటే వెండి. ఆడటం అయిపోయిన ప్రింటు డిస్ట్రిబ్యూటరుకి గోడౌన్ అద్దె దండగ. స్క్రాప్ వాడికి ఇస్తే వాడు పైపూత కడిగి వెండి తీసుకునేవాడు, మిగిలిన ప్లాస్టిక్కు గాజులకో, హ్యాండ్‌బ్యాగులకో పోయేది. మాటలు వచ్చాక మూకీ ప్రింటుకి అంతకంటే విలువ లేదు మరి. మా ముత్తవ్వల కాలంలో ఎవరి చేతికో ఉన్న గాజుల్లో భీష్ముడు ఉన్నాడేమో ఎవరికి తెలుసు.

లెక్కలు కావాలంటే: మన దేశంలో 1,300 పైచిలుకు మూకీలు తీశారని అంచనా, ముక్కలూ పూర్తివీ అన్నీ కలిపినా మిగిలినవి 30 లోపే. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తీయించింది, 1912 నుంచి 1929 వరకు వచ్చిన 10,919 పెద్ద సినిమాల్లో అసలు 35 ఎంఎం రూపంలో పూర్తిగా ఉన్నవి 14 శాతం. వాళ్ళకీ పోయాయి, కానీ వాళ్ళు ఏం పోయిందో పేరు పేరునా చెప్పగలరు.

ఇక మీ అంశానికి వస్తాను. కథను ఎక్కడి నుంచో తీసుకుని చేసిన సినిమాల విషయంలో నాకు చాలా ఏళ్ళుగా ఒకటి తోస్తుంటుంది. సినిమా మిగలడానికీ పోవడానికీ ఆ కథ ఎవరిది అన్న తగాదాకీ పెద్ద సంబంధమే ఉంది. భీష్మ ప్రతిజ్ఞ తీస్తే ఎవరు అడుగుతారు? భారతానికి హక్కుదారు ఎవరు? వ్యాసుడు కేసు వెయ్యడు కదా. అందుకే అందరూ పురాణాలే తీశారు: హక్కు కొనక్కర్లేదు, కథ చెప్పక్కర్లేదు, తెరమీద మాటలు రాసి చూపించే టైటిల్ కార్డు చదవడం రానివాడికి కూడా తెరమీద గంగ కనిపించగానే తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. కానీ అదే ఆ సినిమాలకి శాపం కూడా అయింది. వాటి వెనక పడే మనిషి లేడు, కోర్టు కాగితం లేదు, ఎవడి బీరువాలోనూ సాక్ష్యంగా మూలగాల్సిన అవసరం రాలేదు.

దీనికి ఎదురుగా మార్తాండ వర్మ ఉంది. దక్షిణాది మూకీల్లో దాదాపు పూర్తిగా మిగిలింది అదొక్కటే. సి.వి. రామన్ పిళ్ళై 1891లో అచ్చేసిన మలయాళ నవల, తిరువాన్కూరు రాజు సింహాసనం కోసం పడిన పాట్ల కథ. దాన్ని ఆర్. సుందర్‌రాజ్ అనే ఆయన నిర్మాతగా, పి.వి. రావు దర్శకుడిగా తీసి 1933లో తిరువనంతపురంలో కాపిటల్ థియేటర్‌లో విడుదల చేశారు. నవల హక్కులు కమలాలయ బుక్ డిపో అనే ప్రచురణకర్తల దగ్గర ఉన్నాయి. వాళ్ళని అడగలేదు. వాళ్ళు కోర్టుకెళ్ళారు, ప్రింటు జప్తయింది, సినిమా ఆగిపోయింది. నిర్మాత సంగతి ఆలోచించండి, ఇల్లూ వాకిలీ పెట్టి తీసినవాడు ఎలా అయిపోయి ఉంటాడు. అయితే ఆ జప్తయిన ప్రింటు పుస్తకాల వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఊళ్ళు తిరగలేదు, ప్రొజెక్టర్ పళ్ళల్లో పడి నలగలేదు, గీతలు పడలేదు, స్క్రాప్ వాడి సంచిలోకి పోలేదు. నలభై ఏళ్ళ తర్వాత, 1974లో, పూణే ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు అక్కడి నుంచి తెచ్చుకున్నారు. ఆ సినిమా హిట్టయి ఉంటే ఈపాటికి మనకు ఉండేది కాదు, ఆ సంగతి నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

అదే హక్కుల గొడవ జర్మనీలో ఇంకోలా తిరిగింది. డ్రాక్యులా నవలని పేర్లు మార్చి, అనుమతి లేకుండా 1922లో నోస్‌ఫెరాటుగా తీశారు. రచయిత బ్రామ్ స్టోకర్ అప్పటికే పోయాడు, ఆయన భార్య ఫ్లోరెన్స్ కేసు వేసింది. కంపెనీ దివాలా తీసేసింది, వసూలు చేసుకోవడానికి డబ్బు లేదు, దాంతో ఆవిడ సినిమానే నాశనం చెయ్యమని పట్టుబట్టింది. 1925లో బెర్లిన్ కోర్టు నెగటివ్, ప్రింట్లు అన్నీ ధ్వంసం చెయ్యమంది. అప్పటికే కొన్ని ప్రింట్లు దేశం దాటిపోయాయి, కాబట్టి బతికింది. ఇప్పుడు మనం చూసే మంచి వెర్షన్ పారిస్‌లో దొరికిన రంగులద్దిన ఫ్రెంచి ప్రింటు ఆధారంగా చేసిందే. మార్తాండ వర్మని కోర్టు దాచిపెట్టింది, నోస్‌ఫెరాటుని కోర్టు చంపమంది, రెండూ బతికాయి, కేసే పడని వందల పురాణాలు పోయాయి. కేసు పడితే చాలు సినిమా మిగులుతుందని సిద్ధాంతం కట్టకండి, మీ గైడు ఒప్పుకోడు. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక అధ్యాయం రాయొచ్చు అని మాత్రం అంటాను.

ఆ అధ్యాయంలోకే ఇంకొకటి. అమెరికాలో 1907లో కాలెం అనే కంపెనీ బెన్ హర్ నవలని ఒక్క రీలులో కుదించి తీసింది. అడగలేదు, అప్పట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ప్రచురణకర్తలు హార్పర్ వాళ్ళు కోర్టుకెక్కితే 1911లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, నవలని సినిమాగా తీస్తే హక్కు కొనాల్సిందేనని తేలింది, 25,000 డాలర్లు కట్టుకున్నారు. నవలకి సినిమా హక్కులు అనే సరుకు అక్కడ గట్టిగా పుట్టింది ఆ తీర్పుతోనే. దానికి ముందు సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1912 దాకా అమెరికా చట్టంలో సినిమా అనే మాటే విడిగా లేదు, ఫోటోలకి మాత్రమే కాపీరైట్. అందుకని నిర్మాతలు సినిమా మొత్తాన్ని పొడుగాటి కాగితం చుట్ట మీద ఫోటోలుగా ముద్రించి ఆఫీసులో దాఖలు చేసేవాళ్ళు. సినిమా ఫిల్మ్ మండింది, కుళ్ళింది, కాగితం మాత్రం అలాగే పడి ఉంది. తర్వాత ఆ కాగితాన్ని ఒక్కో ఫ్రేమూ మళ్ళీ ఫోటో తీసి ఫిల్మ్ మీదికి ఎక్కించారు. మూడు వేలకు పైగా సినిమాలు అలా వెనక్కి వచ్చాయి. అంకుల్ టామ్స్ క్యాబిన్ నవలకి 1903లో ఎడిసన్ కంపెనీ తీసిన రూపం మీరు ఈరోజు ఫోన్‌లో చూడగలుగుతున్నారంటే కారణం ఆ కాగితం చుట్టలే. మన దగ్గర సెన్సారు వచ్చాక సినిమాని బోర్డుకి చూపించాలి గానీ, ఒక కాపీ మా దగ్గర పెట్టండి అని అడిగిన నాథుడు లేడు.

ఇక మనవాటిలో ఏవి మిగిలాయో చూద్దాం. ఫాల్కే రాజా హరిశ్చంద్ర 1913ది, నాలుగు రీళ్ళు, 3,700 అడుగులు. పూణేలో ఉన్నవి మొదటి రీలూ చివరి రీలూ, 1,475 అడుగులు. అందులోనూ ఇది 1913ది కాదు, ఫాల్కేయే 1917లో మళ్ళీ తీసినది అని వాదించే పండితులు ఉన్నారు, కాబట్టి థీసిస్‌లో తేదీ వేసేటప్పుడు ఆ మాట తప్పకుండా రాయండి. ఒక చిన్న చిట్కా కూడా చెబుతాను. 35 ఎంఎంలో అడుగుకి 16 ఫ్రేములు. మూకీని సెకనుకి 16 ఫ్రేముల వేగంతో తిప్పితే సెకనుకో అడుగు అన్నమాట. ఆ లెక్కన 3,700 అడుగులు గంట దాటుతుంది. చాలాచోట్ల రాజా హరిశ్చంద్ర నిడివి 40 నిమిషాలు అని రాస్తారు, అది టాకీ వేగంతో, 24 ఫ్రేములతో వేసిన లెక్క. ఎవరో ఒకరు రాశారు, మిగతావాళ్ళు ఎత్తి రాసుకున్నారు. మీరు మాత్రం నిమిషాలు నమ్మకండి, అడుగులు నమ్మండి.

ఫాల్కేదే కాళీయ మర్దన్, 1919. అది మాత్రం హాయిగా కూర్చుని చూడగలిగినంత మిగిలింది. కూతురు మందాకినే కృష్ణుడు. మొదట్లో ఆ పిల్ల ముఖం మామూలుగా చూపించి, తర్వాత భావాలు పలికించి, అప్పుడు కృష్ణుణ్ణి చేస్తాడు. అసలు కథ కంటే నాకు ఆ మొదటి నిమిషాలే ఇష్టం. లంకా దహనం నుంచి కొద్దిపాటి ముక్క ఉంది, అందులో రాముడూ సీతా ఇద్దరూ సాళుంకే అనే ఒకే మనిషి.

బిల్వమంగళ్ గురించి మీరు తప్పకుండా రాయాలి, మనకు చింతామణి నాటకంగా తెలిసిన కథే. కలకత్తాలో మదన్ వాళ్ళ కంపెనీ 1919లో తీసింది. ఇది పోయిందనే అందరూ అనుకుంటుంటే పారిస్‌లో సినిమాథెక్ ఫ్రాన్సేజ్‌లో ఒక భాగం బయటపడింది. 594 మీటర్లు, 28 నిమిషాలు. 2016లో పూణే వాళ్ళు డిజిటల్ కాపీ తెచ్చుకున్నారు, ఊరికే కాదు, బదులుగా జమాయి బాబు అనే 1931 నాటి బెంగాలీ మూకీ కాపీ ఇచ్చి, ఇచ్చిపుచ్చుకోవడం అన్నమాట. ఇందాకటి లెక్క ఇక్కడ వేసి చూడండి: 594 మీటర్లు అంటే సుమారు 1,949 అడుగులు, 28 నిమిషాలకు సర్దితే సెకనుకి 18 ఫ్రేములకి కాస్త ఎక్కువ వస్తుంది. అంటే వాళ్ళు టాకీ వేగంతో పరిగెత్తించలేదు, పద్ధతిగానే చేశారు.

ఆ పారిస్ ఆర్కైవ్‌లోనే 2014లో షెర్లాక్ హోమ్స్ కూడా దొరికింది, నాటకాల్లో హోమ్స్ వేషానికి పేరుబడ్డ విలియమ్ జిలెట్ తెరమీద అదే వేషం వేసిన 1916 సినిమా. దాదాపు వందేళ్ళు పోయిందనుకున్నారు. గమనించారా, ఇవి అటకల మీద దొరకలేదు. ఆర్కైవులోనే, తప్పు పేరుతోనో అసలు పేరే లేకుండానో పడి ఉన్న డబ్బాల్లో దొరికాయి. మనవాళ్ళు ఎక్కడో పల్లెటూళ్ళో పెట్టెలో దొరుకుతుందని కలలు కంటారు, కానీ ఈ మధ్య పెద్ద పెద్దవి బయటపడింది ఎవరో కూర్చుని పాత కేటలాగు సరిచూసినందుకు. బోరు పని. జీతం తక్కువ. అందుకే ఎవరూ చెయ్యరు.

విదేశీ కంపెనీలతో కలిసి తీసినవి మాత్రం బాగా మిగిలాయి, ఎందుకంటే ఒక కాపీ చలిదేశంలో ఉండిపోయింది కాబట్టి. హిమాంశు రాయ్, జర్మన్ దర్శకుడు ఫ్రాంజ్ ఆస్టెన్ కలిసి తీసిన మూడూ ఉన్నాయి: ఎడ్విన్ ఆర్నాల్డ్ బుద్ధుడి మీద రాసిన కావ్యం నుంచి 1925లో ప్రేమ్ సన్యాస్, నిరంజన్ పాల్ నాటకం నుంచి 1928లో షిరాజ్, భారతంలో జూదం ఘట్టాన్ని తిప్పి రాసుకుని 1929లో ప్రపంచ పాశ్. షిరాజ్‌ని లండన్‌లో బి.ఎఫ్.ఐ. (బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్) వాళ్ళు బాగుచేసి 2017లో అనుష్కా శంకర్ సంగీతంతో వేశారు, ఆ ఏడాది నవంబరులో హైదరాబాద్‌కి కూడా తెచ్చారు. మీరు మొదట చూడాల్సింది అదే అంటాను. మిగిలిన ముక్కలు చూస్తే మూకీ అంటే గీతలూ గెంతులూ అనిపిస్తుంది, షిరాజ్ చూస్తే అప్పటి ప్రేక్షకుడు ఏం చూశాడో తెలుస్తుంది.

హైదరాబాద్ మాట వచ్చింది కాబట్టి, ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ ఆయన 1922 ప్రాంతంలో నిజాం ఊళ్ళో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి ఇంద్రజిత్, యయాతి లాంటివి తీశాడు. రజియా బేగం అనే సినిమా తన హాల్లో ఆడించినందుకు నిజాంకి కోపం వచ్చి ఊరు విడిచిపొమ్మన్నాడు. అక్కడ తీసినవేవీ లేవు. మద్రాసులో అంతకుముందే కీచక వధం తీసిన నటరాజ ముదలియార్ గారి సినిమాలూ లేవు. ఆయన స్టూడియో 1923లో తగలబడింది.

చూడటం ఎలా అన్నది చివరి ప్రశ్న. చట్టం సమస్య కాదు. మన దేశంలో సినిమా కాపీరైట్ 60 ఏళ్ళు, కాబట్టి మూకీలన్నీ ఎప్పుడో జనం సొత్తయ్యాయి. అమెరికా లెక్కలో కూడా 1929 లోపువి స్వేచ్ఛగా ఉన్నాయి. కొత్తగా కట్టిన సంగీతానికి మాత్రం హక్కు వేరే ఉంటుంది, యూట్యూబ్‌లో మీరు క్లిప్పు పెడితే స్ట్రైక్ పడేది దానివల్లే. రాజా హరిశ్చంద్ర, కాళీయ మర్దన్ మిగిలిన భాగాలు నెట్‌లో దొరుకుతాయి. 1903 నాటి ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్‌ని బి.ఎఫ్.ఐ. వాళ్ళే పెట్టారు, చిరిగి మచ్చలు పడిన ప్రింటే, 12 నిమిషాల్లో ఓ తొమ్మిది నిమిషాలు మిగిలింది. 1910 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉచితంగా ఉంది. దాని కథ వేరే: ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క ప్రింటు విస్కాన్సిన్‌లో అలోయిస్ డెట్‌లాఫ్ అనే కలెక్టర్ దగ్గర దశాబ్దాలపాటు ఉంది. ఆయన దాన్ని కన్నబిడ్డలా కాపాడాడు, అంతే గట్టిగా దాచుకున్నాడు. ఆయన పోయాక లైబ్రరీ వాళ్ళు కొని, 2018లో శుభ్రం చేసి అందరికీ పెట్టారు. ఇలాంటి కలెక్టర్లని తిట్టాలో దండం పెట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మార్తాండ వర్మ కోసం, బిల్వమంగళ్ కోసం మాత్రం పూణే వెళ్ళాల్సిందే. మీ యూనివర్సిటీ నుంచి లెటర్ పట్టుకుని ముందుగా దరఖాస్తు పెట్టండి. ఫీజు ఉంటుంది. జవాబుకి టైమ్ పడుతుంది, టెన్షన్ పడకండి, మళ్ళీ రాయండి.

నెట్‌లో చూసేటప్పుడు ఒక జాగ్రత్త. మీరు చూస్తున్నది సినిమానా, సినిమా నీడా అన్నది తెలుసుకోండి. మూకీలు చాలావరకు ఉత్త నలుపు తెలుపుగా ఆడలేదు, ప్రింటుని రంగునీళ్ళలో ముంచేవాళ్ళు. రాత్రికి నీలం, దీపం వెలుగుకి పసుపు. రాత్రి సీను కూడా పట్టపగలు ఎండలోనే తీసేవాళ్ళు, ఎందుకంటే ఆ ఫిల్మ్‌కి చీకట్లో బొమ్మ పడదు. ఇప్పుడు నోస్‌ఫెరాటు నలుపు తెలుపు కాపీ పెట్టుకుని చూస్తే, ఎండ తగిలితే చచ్చిపోయే పిశాచం మిట్టమధ్యాహ్నం లాంటి వెలుగులో శవపేటిక చంకన పెట్టుకుని వీధుల్లో తిరుగుతుంటుంది. పిల్లలు నవ్వుతారు. నీలం ఉన్న కాపీలో అదే సీను చూడండి, నవ్వు రాదు. అలాంటి తెల్ల కాపీ చూసి ఆ కాలం వాళ్ళకి లాజిక్ లేదని రాసిన పేపర్లు నేను చదివాను.

సినిమానే లేనప్పుడు ఏం చెయ్యాలంటే, కాగితాలు చూడండి. 1920 నుంచి మద్రాసు, బొంబాయి, కలకత్తాల్లో సెన్సారు బోర్డులు ఉన్నాయి. పేరు, అడుగులు, కోతలు లాంటివి ఆ రికార్డుల్లో దొరుకుతాయి. 1927-28లో రంగాచారియార్ అధ్యక్షతన సినిమాటోగ్రాఫ్ కమిటీ దేశమంతా తిరిగి హాళ్ళవాళ్ళనీ నిర్మాతలనీ కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది, ఆ సాక్ష్యాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. ఏ సినిమాకి జనం వచ్చారు, పురాణాలకే ఎందుకు వచ్చారు అని వాళ్ళ నోటితోనే ఉంది. సగం మీ థీసిస్ అక్కడే ఉంది, నిజంగా.

ఇక మీరు ఊళ్ళలో పాత హాళ్ళవాళ్ళ ఇళ్ళకి తిరుగుతానన్నారు కదా. తిరగండి, కాదనను. నా అనుభవం ఒకటి చెబుతాను. 2009లో బందరు దగ్గర ఒక ఊరి నుంచి కబురొచ్చింది, మా మామగారు డేరా సినిమా నడిపేవారు, ఆయన పెట్టెలో మూకీ ఉంది, రఘుపతి వెంకయ్య గారి ఊరివాళ్ళం కాబట్టి ఆయన సినిమానే అయ్యుంటుంది అని. నేనూ నాతోపాటు ఇంకో కుర్రాడూ పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. బిస్కెట్ డబ్బా, దానిమీద ఎర్ర గుడ్డ, గుడ్డమీద పసుపు బొట్టు కూడా. పెద్దావిడ తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత తీయగానే ఆవకాయ జాడీలోకి తొంగిచూసినట్టు ముక్కు అదిరింది, ఉత్త వెనిగర్ వాసన. ఆ క్షణమే నాకు తెలిసిపోయింది, వెనిగర్ వాసన వేసేది ఎసిటేట్ ఫిల్మ్, అంటే ఇందాక చెప్పిన సేఫ్టీ ఫిల్మ్, నైట్రేట్ కాదు. అంటే 1950ల తర్వాతది అయ్యుండాలి. అయినా ఆవిడ ముఖం చూసి వెంటనే చెప్పలేక, రెండడుగులు విప్పి కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకున్నాను. బొమ్మ పక్కనే, చిల్లులకీ బొమ్మకీ మధ్య, రంపపు పళ్ళలా ఎగుడుదిగుడుగా ఒక సన్నని గీత పైనుంచి కిందదాకా ఉంది. అదే సౌండు. అంచున ఇంగ్లీషులో సేఫ్టీ అని అచ్చు కూడా ఉంది. ఏదో పాట, హీరోయిన్ చెట్టు చుట్టూ తిరుగుతోంది.

"ఇది మాటలున్న సినిమానే అమ్మా, మూకీ కాదు" అన్నాను.

"మాట ఎక్కడ వినపడింది నాయనా? పిల్లలు టార్చిలైటు పెట్టి గోడమీద వేస్తే ఎప్పుడూ ఒక్క మాటా వినపడలేదే" అంది.

మా కుర్రాడు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు. ఆవిడ కాఫీ ఇచ్చింది. డబ్బా మళ్ళీ ఎర్ర గుడ్డలోనే కట్టుకుంది.

కాబట్టి డబ్బా దొరికితే ముందు వాసన చూడండి, తర్వాత అంచు చూడండి. గీత ఉంటే టాకీ. గీత లేకుండా బొమ్మ ఈ చిల్లుల నుంచి ఆ చిల్లుల దాకా నిండుగా పరుచుకుని ఉంటే అప్పుడు గుండె కొట్టుకోనివ్వండి. అంచున నైట్రేట్ అని ఇంగ్లీషులో ఉండొచ్చు. కొడాక్ ఫిల్మ్ అయితే వృత్తం, చతురస్రం, త్రిభుజం లాంటి చిన్న గుర్తులు ఉంటాయి, అవి తయారైన ఏడాది చెబుతాయి. అయితే ఇరవయ్యేళ్ళకోసారి అవే గుర్తులు మళ్ళీ వస్తాయి, 1916కీ 1936కీ ఒకటే గుర్తు, కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని పేపరు వాళ్ళని పిలవకండి. ప్రొజెక్టర్ మీద వెయ్యొద్దు. అతుక్కుంటే గోటితో విడదీయొద్దు. ఎండలో పెట్టొద్దు, దేవుడి గదిలో దీపం దగ్గర అసలే వద్దు. మూత బిగించకుండా వదులుగా ఉంచి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే చోట, పిల్లలకి అందకుండా పెట్టించండి, పూణేకి ఫోన్ చెయ్యండి. బస్సులో, రైల్లో మీరే పట్టుకెళ్ళే పని మాత్రం పెట్టుకోకండి, అది నిప్పుతో ప్రయాణం. ఫోటో తీసి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని తీయండి, అంచు కనబడాలి.